పిల్లాణ్ణి గ్రాండ్‌మాస్టర్ చేద్దామని ఉంది, బడి మాన్పించమంటారా?

విజయవాడ వన్‌టౌన్‌లో బట్టల వ్యాపారం చేసుకునే ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. బాబుకి పదకొండేళ్లు, ఏడో తరగతి, చెస్ రేటింగ్ 1712. ఏడాదిలో 250 పాయింట్లు పెరిగాడు. కోచ్‌గారేమో "వీడు జీఎం (గ్రాండ్‌మాస్టర్) సరుకు, బడి మాన్పించి పూర్తిగా ఆటలో పెట్టండి" అంటున్నారు. బడివాళ్లేమో వచ్చే ఏడు ఐఐటీ ఫౌండేషన్ సెక్షన్‌లో వేస్తామంటున్నారు. గన్నవరం వైపు ఒక స్థలం ఉంది, దాన్ని అమ్మి పెట్టొచ్చా? అసలు గ్రాండ్‌మాస్టర్ అయితే బతుకు గడుస్తుందా?

అన్నగారూ, ముందు నేనెవరో చెప్తాను, నా మాటకి ఎంత విలువ ఇవ్వాలో మీరే తేల్చుకుంటారు. గుంటూరు బ్రాడీపేటలో పుట్టాను. ఇప్పుడు విజయవాడ పటమటలో, మేడ మీద రెండు గదుల్లో పిల్లలకి చెస్ చెప్తున్నాను. ఐఎం, అంటే ఇంటర్నేషనల్ మాస్టర్, జీఎంకి ఒక మెట్టు కింది టైటిల్ ఉంది. జీఎం నార్మ్‌లు, అంటే టోర్నమెంటులో ఆ స్థాయి ఆట ఆడితే వచ్చే అర్హతలు, రెండున్నాయి, మూడోది లేదు. రేటింగ్ ఎప్పుడో ఒక నెల 2468 అయింది, అదే నా శిఖరం. అంటే గుడి దాకా వెళ్లి గర్భగుడి తలుపు వేసేశాక చేరినవాణ్ణి. అలాంటివాడి మాటల్లో కాస్త చేదు ఉంటుంది, ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

గ్రాండ్‌మాస్టర్ అనేది ఉద్యోగం కాదండీ, బిరుదు. ఒకసారి వచ్చిందంటే చచ్చేదాకా ఉంటుంది, తర్వాత రేటింగ్ 2300కి జారిపోయినా ఎవరూ వెనక్కి అడగరు. కానీ దాని వెంట జీతం రాదు, పింఛను రాదు, నెల మొదట్లో బ్యాంకు నుంచి మెసేజి రాదు. 1950లో ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) మొదటిసారి ఈ బిరుదు ఇచ్చినప్పుడు ప్రపంచం మొత్తం మీద 27 మందికే ఇచ్చింది. మన దేశంలో ఆనంద్ మొదటి జీఎం అయిన రోజుల్లో ఆ మాటకి పేపర్లో మొదటి పేజీ దొరికేది. ఇప్పుడు మన దేశంలోనే 80 మందికి పైగా ఉన్నారు. కొత్తగా ఒకరు అయితే జిల్లా ఎడిషన్‌లో ఫొటో వస్తుంది, అది కూడా ఆ రోజు వేరే వార్త లేకపోతే.

ఇక మీవాడి 250 పాయింట్ల సంగతి. దీని మీదే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు నూటికి తొంభైమంది ఈ లెక్క దగ్గరే కాలు జారుతున్నారు. ఏడాదికి 250 కాబట్టి మూడేళ్లలో 750, అంటే పద్నాలుగేళ్లకి 2460, జీఎం కావడానికి తాకాల్సిన 2500కి ఇంకెంత, పదిహేనుకి జీఎం. కాగితం మీద చక్కగా ఉంటుంది.

రేటింగ్ ఎంత వేగంగా కదలాలన్నది కె అనే ఒక అంకె మీద ఉంటుంది. 18 ఏళ్లలోపు పిల్లలకి, 2300 చేరేదాకా, కె 40. ఒక టోర్నమెంటులో మీవాడు తన రేటింగ్‌ని బట్టి నాలుగు పాయింట్లు కొట్టాల్సిన చోట అయిదు కొట్టాడనుకోండి, 40 పెరుగుతుంది. పండగే. 2300 దాటాక అది 20. ఒక్కసారి 2400 తాకారంటే కె 10, మళ్లీ ఎంత పడిపోయినా 10 గానే ఉంటుంది. అప్పుడు అదే గొప్ప టోర్నమెంటు ఆడితే వచ్చేది 10 పాయింట్లు. 2450 ఉన్నవాడు 2300 వాణ్ణి గెలిస్తే వచ్చేది 3. డ్రా చేస్తే పోయేది 2. ఓడితే పోయేది 7. ఇప్పుడు ఆ 2300 వాడెవడు? మన దేశంలో అయితే వాడికి పన్నెండేళ్లు ఉంటాయి, రోజుకి ఎనిమిది గంటలు కూర్చుంటాడు, ఆట 2450 వాళ్లది ఆడతాడు, రేటింగ్ మాత్రం ఇంకా ఎక్కుతూ ఉంటుంది. మనం వాడి మెట్టు అన్నమాట. 2400 నుంచి 2500 కి నూరు పాయింట్లే కదా అంటారు. ఆ నూరు పాయింట్లలో నాకు ఎనిమిదేళ్లు పోయాయి, పైగా చేరలేదు.

మధ్యలో ఒక మాట. 2024 మార్చిలో ఫిడే 2000 లోపు రేటింగులన్నీ ఒక్క దెబ్బతో పైకి జరిపింది. 1200 ఉన్న పిల్లాడు ఏ గేమూ ఆడకుండా తెల్లారేసరికి 1520 అయ్యాడు. ఆ నెల నా దగ్గరికి ఇద్దరు తండ్రులు స్వీట్లు పట్టుకొచ్చారు. ఒకాయనకి విషయం చెప్పాను. రెండో ఆయన మొహం చూసి చెప్పలేకపోయాను, కాజాలు తిన్నాను.

రేటింగ్ ఒక్కటే చాలదు, నార్మ్‌లు కావాలి. మామూలుగా తొమ్మిది గేముల టోర్నమెంటు. దాంట్లో 2600 స్థాయి ప్రదర్శన చూపించాలి. ప్రత్యర్థుల్లో కనీసం సగం మందికి టైటిల్ ఉండాలి, అందులో కనీసం ముగ్గురు జీఎంలు అవ్వాలి, మనదేశంవాళ్లే ఉంటే కుదరదు, వేరే దేశాలవాళ్లు కావాలి. ప్రత్యర్థుల సగటు 2380 అయితే తొమ్మిదికి ఏడు కొట్టాలి. 2475 అయితే ఆరు. ఇలా మొత్తం 27 గేములయ్యేలా సంపాదించాలి, అంటే సాధారణంగా మూడుసార్లు. ఇక్కడ ఢిల్లీ, చెన్నై, కోల్‌కతా, భువనేశ్వర్‌లలో పెద్ద ఓపెన్‌లు, అంటే ఎవరైనా ఫీజు కట్టి ఆడగలిగే టోర్నమెంట్లు, జరుగుతాయి. కానీ ఒక్కోసారి తొమ్మిది రౌండ్లలో ఏడుగురు మనవాళ్లే తగులుతారు, పాయింట్లు ఉండి కూడా నార్మ్ రాదు. అందుకే అందరూ సెర్బియా, హంగరీ, స్పెయిన్ అంటూ తిరుగుతారు. ఖర్చు అక్కడ మొదలవుతుంది.

నా మూడో నార్మ్ కథ చెప్తాను. చెప్పకపోతే పై లెక్కలన్నీ మీకు లెక్కల్లాగే కనిపిస్తాయి.

అప్పుడు నాకు ఇరవైమూడేళ్లు. సెర్బియాలో ఒక చిన్న ఊరు, ఫిబ్రవరి చలి. ఇద్దరు తమిళ కుర్రాళ్లతో కలిసి ఒక ఫ్లాటు తీసుకున్నాం. నా సూట్‌కేసులో సగం బియ్యం, ఒక చిన్న రైస్ కుక్కరు, అమ్మ పెట్టిచ్చిన గోంగూర పచ్చడి, కందిపొడి. వాళ్లిద్దరికీ గోంగూర మరిగి నాలుగో రోజుకి సీసా ఖాళీ. పొద్దున లేవడం, అన్నం పడేయడం, రాత్రి వచ్చిన పెయిరింగ్ చూసి అవతలివాడి పాత గేములు డేటాబేస్‌లో తిరగేయడం, ఇంజిన్ (చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రాం) చెప్పిన వరసలు బట్టీ పట్టడం, మూడింటికి బోర్డు మీద కూర్చోవడం, ఎనిమిదింటికి తల బరువెక్కి తిరిగి రావడం. పదకొండు రోజులు ఇదే. ఆ ఊళ్లో ఒక నది ఉందట, నేను చూడలేదు.

ఎనిమిది రౌండ్లకి ఆరు పాయింట్లు వచ్చాయి. ప్రత్యర్థుల సగటు 2440 మీద ఉంది, ఆరున్నర కావాలి. అంటే ఆఖరి రౌండు డ్రా చేస్తే చాలు. నాకు నల్లపావులు. అవతల యాభై దాటిన జీఎం, స్వెట్టరు మోచేతుల దగ్గర చిరిగిపోయి ఉంది. డ్రా ఇస్తానంటే తల అడ్డంగా ఊపాడు. నాలుగు గంటల తర్వాత బోర్డు మీద మిగిలినవి ఇవి (డీ5, ఈ5 లాంటివి గళ్ల పేర్లు): ఆయన రాజు డీ5లో, బంటు ఈ5లో, రూక్ ఏ7లో. నా రాజు ఈ8లో, రూక్ జీ6లో. మా తాతయ్య రూక్‌ని ఏనుగు అనేవాడు, నాకు చెస్ నేర్పింది ఆయనే. ఆయనకి తెలిసిన ఏకైక సూత్రం "ఏనుగుని తొందరపెట్టకురా" అని.

ఇది ప్రతి చెస్ పుస్తకంలోనూ ఉండే స్థానం. ఫిలిడోర్ అంటారు. నేను పదేళ్లప్పుడే నేర్చుకున్నా. రూక్‌ని ఆ ఆరో వరసలోనే అటూఇటూ జరుపుతూ అవతలి రాజుని ముందుకి రానీయకుండా కాపలా కాయాలి. విసిగిపోయి ఆయన బంటుని ఈ6కి నెట్టగానే, అప్పుడు రూక్ కిందికి దిగిపోయి వెనకనుంచి ఆయన రాజుకి చెక్ చెప్పడం మొదలెట్టాలి. ఇక ఆయన రాజుకి దాక్కోడానికి చోటు ఉండదు. డ్రా. నా దగ్గర పిల్లలకి దీన్ని పది నిమిషాల్లో చెప్పేస్తాను.

గడియారంలో నలభై సెకన్లున్నాయి. ఆయన బంటు నెట్టకముందే నేను రూక్‌ని జీ1కి దింపేశాను. ఎందుకో ఇప్పటికీ తెలియదు. చెయ్యి వెళ్లిపోయింది. ఆయన రాజు ఈ6కి వచ్చి నా రాజుకి ఎదురుగా నిలబడింది, పైన ఏ8 దగ్గర చెక్‌మేటు కాచుకుని ఉంది. అప్పటికీ చచ్చిపోలేదు. రాజుని ఎఫ్8కి, అంటే బోర్డులో గళ్లు తక్కువున్న వైపుకి తప్పిస్తే ఇంకా డ్రాయే. నేను డీ8కి వెళ్లాను. ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు, జాలిగానే చూశాడు. పద్నాలుగు ఎత్తుల తర్వాత చెయ్యి కలిపాను.

చెన్నైలో దిగి పినాకిని ఎక్కి, రాత్రికి విజయవాడ, అక్కణ్ణుంచి బస్సులో గుంటూరు. నాన్న బస్టాండుకి స్కూటర్ వేసుకొచ్చి, ఏమీ అడగలేదు. "ఏమన్నా తిన్నావా?" అన్నారు. ఆ ట్రిప్పు కోసం పీఎఫ్‌లో అప్పు పెట్టిన మనిషి. తర్వాత ఇంకో నాలుగేళ్లు తిరిగాను. ఆరున్నర కావాల్సిన చోట ఆరు దాకా రెండుసార్లు వచ్చాను, అంతే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, డబ్బు. జీఎం అయినవాళ్లు ఎలా బతుకుతారు?

ప్రైజ్‌మనీ మీద బతికేవాళ్లు మన దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. పైన ఉన్నవాళ్ల అంకెలు చూసి కళ్లు తిరుగుతాయి నిజమే. మన కోనేరు హంపిగారు 2024 చివర్లో న్యూయార్క్‌లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ సమయంలో ఆడే చెస్) గెలిస్తే మొదటి బహుమతి 60,000 డాలర్లు. అదే ఏడాది సింగపూర్‌లో గుకేశ్ ఆడిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లో మొత్తం బహుమతి 25 లక్షల డాలర్లు. కానీ మెట్లు దిగుతున్న కొద్దీ ఈ అంకెలు కృష్ణలో వేసవి నీళ్లలా తగ్గిపోతాయి. 2520 రేటింగ్ ఉన్న మామూలు జీఎం ఒక ఓపెన్‌లో పన్నెండో స్థానంలో వస్తే, వచ్చినదాంట్లో విమానం టికెట్టు పోగా మిగిలేది మీ కొట్లో ఒక ఆదివారం అమ్మకం కూడా ఉండదు.

టైటిల్‌కి ఉన్న అసలు లాభం కండిషన్స్. జీఎం వస్తే టోర్నమెంటుకి పేరు, నార్మ్ కోసం వచ్చేవాళ్లకి అవసరం. కాబట్టి ఎంట్రీ ఫీజు తీసుకోరు, రూము, భోజనం ఇస్తారు, రేటింగ్ బాగా ఉంటే పైన కొంత చేతిలో పెడతారు. నేను సెర్బియాలో ఎవరి చేతిలో ఓడానో ఆయన కూడా అలా పిలిపించుకున్న మనిషే, నాలాంటివాళ్లు కట్టిన ఫీజులోంచే ఆయనకి భోజనం. ఈ మాట మీవాడికి ఇప్పుడే చెప్పకండి. ఆ తర్వాత లీగులు. జర్మనీలో బుండెస్‌లిగా ఉంది, ఫ్రాన్స్, ఇంగ్లండ్‌లలోనూ క్లబ్బుల లీగులున్నాయి. వారాంతాల్లో వెళ్లి క్లబ్బు తరఫున ఆడితే గేముకి ఇంత అని ఇస్తారు. యూరప్‌లో ఉండేవాడికి బాగుంటుంది, ప్రతిసారీ గన్నవరం నుంచి ఎగరాలంటే గిట్టదు.

ఇక ఉద్యోగం. మన దేశంలో చెస్‌ని నిలబెట్టింది ఇదే అని నా నమ్మకం. పెట్రోలియం కంపెనీలు, రైల్వేలు, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ లాంటివి ఆటగాళ్లని స్పోర్ట్స్ కోటాలో తీసుకుంటాయి. హంపిగారిది ఓఎన్‌జీసీ. నెల జీతం వస్తూ ఆడుకునేవాడి ఆటే వేరుగా ఉంటుంది. డ్రా చెయ్యాల్సిన చోట డ్రా చేస్తాడు, కరెంటు బిల్లు గుర్తొచ్చి గెలవబోయి ఓడిపోడు. అయితే ఆ పోస్టులకన్నా జీఎంలే చాలా వేగంగా పెరిగారు. 2005లో ఐఎంకి కూడా పిలిచి ఇచ్చేవాళ్లు, ఇప్పుడు జీఎం అయినా లైన్లో నిలబడాలి.

మిగిలింది చెప్పుకోవడం, అంటే కోచింగ్. నిజానికి ఎక్కువమంది జీఎంల ఇల్లు గడిచేది దీనితోనే. ఆన్‌లైన్ వచ్చాక అమెరికాలో ఉన్న మనవాళ్ల పిల్లలకి తెల్లవారుజామున క్లాసులు. గంటకి మూడు వేలకి పైగా తీసుకునేవాళ్లున్నారు. మంచి ఆదాయమే. కాకపోతే రోజుకి ఆరు గంటలు ఇంకొకరి పిల్లల తప్పులు దిద్దినవాడు సాయంత్రం తన ఆటకి కూర్చోలేడు. రెండేళ్లలో రేటింగ్ జారుతుంది. నా స్నేహితుల్లో ముగ్గురు అలా తెలియకుండానే ఆటగాళ్ల నుంచి మాస్టార్లయిపోయారు. బాధపడుతున్నారా అంటే, లేదు. ఇళ్లు కట్టుకున్నారు.

మన ప్రాంతం సంగతికొస్తాను, ఎందుకంటే మీరు ప్రశ్నలో "మన హంపి, హరికృష్ణ, హారిక అందరూ ఇక్కడివాళ్లే కదా" అని రాశారు. అవును, గుంటూరుకీ విజయవాడకీ మధ్య ముప్పై అయిదు కిలోమీటర్లు లేవు, ఈ చుట్టుపక్కల నుంచి ముగ్గురు ప్రపంచ స్థాయివాళ్లు వచ్చారు. కృష్ణా నీళ్ల మహత్యం అంటారు కొందరు. నీళ్లు నేనూ తాగాను.

వాళ్ల పేర్లు చెప్పి కోచింగ్ సెంటర్లు నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు, చెట్టు పేరు చెప్పి కాయలమ్మినట్టు. వాళ్ల జీవితాలు మాత్రం ఎవరూ నిదానంగా చూడరు. హంపిగారు 2002లో పదిహేనేళ్లు నిండిన రెండు నెలలకే జీఎం అయ్యారు. ఆడవాళ్లలో అప్పటికి ప్రపంచంలో అతి చిన్న వయసు. ఇది మగవాళ్లు తెచ్చుకునే టైటిలే, ఆడవాళ్లకి విడిగా ఇచ్చే డబ్ల్యూజీఎం కాదు, ఆ రెండూ ఒకటనుకునేవాళ్లు మన ఊళ్లో ఇంకా ఉన్నారు. ఆమె తండ్రి అశోక్‌గారు అధ్యాపక ఉద్యోగం వదిలేసి కూతురికి తనే కోచ్ అయ్యారు. అందరూ దీన్నే ఉదాహరణ చెప్తారు, మీ కోచ్‌గారు కూడా చెప్పే ఉంటారు. ఆయన స్వయంగా మంచి ఆటగాడు అన్న ముక్క మాత్రం వదిలేస్తారు. కూతురు వేసిన ఎత్తు తప్పో ఒప్పో బోర్డు చూసి చెప్పగలిగిన తండ్రి ఆయన. మీరూ నేనూ ఉద్యోగం మానేస్తే టోర్నమెంటు హాలు బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని టీ తాగుతాం. గుకేశ్ నాన్నగారు డాక్టరు, ప్రాక్టీసు ఆపుకుని కొడుకు వెంట తిరిగారు, నిజమే. ఇంట్లో అమ్మగారు మైక్రోబయాలజిస్టు, ఆవిడ జీతం ఆగలేదు.

హరికృష్ణది నాకు ఇంకా ఇష్టమైన కథ. మా గుంటూరు అని కాదు. 2001లో పదిహేనేళ్లకి జీఎం, అప్పటికి దేశంలో అందరికన్నా చిన్న. 2004లో ప్రపంచ జూనియర్ ఛాంపియన్. ఇక్కడిదాకా పేపర్లో వచ్చే కథ. ఆయన అత్యధిక రేటింగ్ 2770 ఎప్పుడు వచ్చిందో తెలుసా? 2016 డిసెంబరులో. అంటే జీఎం అయిన పదిహేనేళ్ల తర్వాత, ముప్పై ఏళ్లకి. ఆ మధ్య పదిహేనేళ్లు ఏం చేశాడన్నది ఎవరూ రాయరు. ఆడాడు, అంతే. ఓడాడు, గేము మళ్లీ పెట్టుకుని చూశాడు, ఇంకో ఊరికి వెళ్లాడు. 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు, అదే ఏడాది గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు వెనకుండి తయారుచేసిన బృందంలోనూ ఉన్నాడు. అంటే ఇంకొకరి గెలుపు కోసం నెలల తరబడి గదిలో కూర్చుని కొత్త ఎత్తులు వెతకడం. జీఎం వృత్తిలో ఇదొక గౌరవమైన పని, సెకండ్ అంటారు. మీవాడు ముప్పై అయిదేళ్లప్పుడు అలాంటి గదిలో సంతోషంగా ఉండగలడా అన్నది నాకు ముఖ్యమైన ప్రశ్న. పదిహేనేళ్లకి ట్రోఫీ పట్టుకున్న ఫొటో కాదు.

హారికగారిదీ అంతే. మూడుసార్లు, 2012, 2015, 2017లలో మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం. మూడుసార్లు సెమీఫైనల్ దాకా వెళ్లి ఆగిపోయి, మళ్లీ నాలుగోసారి సూట్‌కేసు సర్దుకోవడం అంటే ఏంటో నాలాంటివాడికి కొంచెం తెలుస్తుంది. 2022లో చెన్నై ఒలింపియాడ్‌లో తొమ్మిదో నెలలో ఆడారు.

సరే, బడి. మాన్పించకండి. కనీసం పదో తరగతి అయ్యేదాకా. కానీ ఆ ఐఐటీ ఫౌండేషన్ సెక్షన్‌లోనూ వెయ్యకండి. పొద్దున ఆరున్నర నుంచి రాత్రి ఎనిమిది దాకా ఉండే ఆ సెక్షన్లలో చెస్ బతకదు. నేను చూసినంతలో మన విజయవాడలో మంచి పిల్లలు ఆగిపోయేది ఓటములకి కాదు, ఎనిమిదో తరగతి స్టడీ అవర్లకి. చెన్నైలో వేలమ్మాళ్ లాంటి బళ్లు ఆటగాళ్లని నెత్తిన పెట్టుకుంటాయి, హాజరు అడగవు. మన దగ్గర పేరున్న బళ్లు ర్యాంకుల ఫ్లెక్సీలో పట్టని పిల్లాణ్ణి పట్టించుకోవు. మామూలు బడి, చిన్నదైనా ఫరవాలేదు, హెడ్‌మాస్టరు మాట వినే రకం అయితే చాలు. టోర్నమెంట్ల క్యాలెండరు జూన్‌లోనే పట్టుకెళ్లి ఏయే వారాలు రాడో చూపించండి. ఒప్పుకుంటారు. అప్పటికీ కుదరకపోతే, పదో తరగతి దగ్గర ఓపెన్ స్కూలు ఉండనే ఉంది.

స్థలం అమ్మకండి. ఇది చెస్ సలహా కాదు, మీ తమ్ముడిలా చెప్తున్నా. ఇల్లు అమ్మి ఆడించిన పిల్లాడు ప్రతి గేములో ఆ ఇంటిని పక్కన పెట్టుకుని కూర్చుంటాడు. మా నాన్న పీఎఫ్ అప్పు సంగతి నాకు తెలియదనుకునేవారు. తెలుసు. ఆ నలభై సెకన్లలో అదే తలలో ఉందని అనను, లేదని కూడా అనలేను.

ఇప్పుడు మీవాడికి కావాల్సింది సెర్బియా కాదు, చీరాల, ఒంగోలు, వైజాగ్, చెన్నై. తల్లో తండ్రో తోడు వెళ్లి, మామూలు లాడ్జిలో తొమ్మిది పది రోజులు ఉండి ఒక ఓపెన్ ఆడించి వస్తే ముప్పై అయిదు, నలభై వేలు అవుతుంది. ఏడాదికి ఆరేడు చాలు. మధ్యలో ఆడిన ప్రతి గేమూ, ముఖ్యంగా ఓడినవి, ఇంజిన్ పెట్టకముందు వాడంతట వాడు రాసుకోవాలి, ఎక్కడ ఏమనుకున్నాడో. లీచెస్ అనే వెబ్‌సైట్‌లో ఇదంతా ఉచితంగా చేసుకోవచ్చు. వారానికి రెండు గంటలు కోచ్ సరిపోతుంది, మిగతాది సొంతంగా కూర్చోవాలి. వారానికి పన్నెండు గంటల క్లాసులు అమ్మజూపేవాళ్ల దగ్గర జాగ్రత్త. మీ కోచ్‌గారి మీద నాకేం అనుమానం లేదు, కానీ "పూర్తిగా ఆటలో పెట్టండి" అనే సలహాకి ఫీజు పెరిగేది ఎవరికో మీరు వ్యాపారస్తులు, నేను చెప్పక్కర్లేదు.

యూరప్ ఎప్పుడంటే, నా లెక్కలో 2300 దాటాక. పద్నాలుగు, పదిహేను నాటికి అక్కడికి చేరి, ఇంకా ఓడిన రాత్రి బోర్డు ముందు కూర్చుంటుంటే అప్పుడు మళ్లీ మాట్లాడదాం, ఒక ఏడాది విరామం గురించి కూడా మాట్లాడదాం. చేరకపోతే వాడి దగ్గర పదో తరగతి ఉంటుంది, బలమైన రేటింగ్ ఉంటుంది, స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్లు ఉంటాయి. 2300 అనేది శాస్త్రం కాదు. నా మేడ మీద పదమూడేళ్లుగా చూసిన పిల్లల్ని బట్టి చెప్తున్న గుర్తు.

ఆఖరిగా ఒక పని. ఈ ఆదివారం కొట్టు కట్టేశాక ఫోను, ల్యాప్‌టాప్ పక్కన పెట్టి, చెక్క బోర్డు మీద నా సెర్బియా స్థానం పరవండి: తెల్లరాజు ఈ6, తెల్లబంటు ఈ5, తెల్ల రూక్ ఏ7, నల్లరాజు ఈ8, నల్ల రూక్ జీ1. నల్ల ఎత్తు. వాడు ఎఫ్8 అనే అంటాడు, రెండు నిమిషాలు కూడా పట్టదు, ఈ కాలం పిల్లలందరికీ తెలుసు. "డీ8కి వెళ్తే ఎలా ఓడతామో నాకు చూపించు" అనండి. మీరు తెల్లపావులు పట్టుకుని తోచినట్టు ఆడండి, వాడు మీ చెయ్యి ఆపి సరైన ఎత్తు వేయించాలి, చివరిదాకా. మీకు ఆట రాకపోవడమే ఇక్కడ లాభం, వాడు ప్రతిదీ మాటల్లో చెప్పాలి. అన్నం చల్లారిపోతున్నా లేవకుండా "ఉండండి నాన్నా, ఇంకొకటుంది" అంటుంటే పటమట వైపు తీసుకురండి, ఫీజు సంగతి తర్వాత చూసుకుందాం. మెడల్స్ తేవద్దు, ఓడిన గేముల స్కోర్‌షీట్లు తెండి.